పిలవడానికి కాగితం ఉండదు, కాగితం చూపిస్తే చదవరు

సంపాదకులు గారికి,

పోయిన ఆదివారం జిల్లా పేజీలో ప్రజలు చట్టాలు తెలుసుకోవాలని సదస్సులో పెద్దలు చెప్పినట్టు వేశారు, శాలువాల ఫొటోతో సహా. నాలుగు రోజులు ఊరుకున్నా గానీ ఇక నా వల్ల కాలేదండి. తెలుసుకోవాల్సింది మేమా, స్టేషన్లో కూర్చున్నవాళ్లా?

మా బావగారు ఒక వీధి గొడవ చూసిన పాపానికి సాక్షి అయ్యారు. "ఒకసారి స్టేషన్‌కి వచ్చిపోండి పెద్దాయనా" అని ఫోను, నోటీసు గీటీసు ఏం లేదు. పదింటికి వెళ్తే మూడింటిదాకా చెక్కబెంచీ మీదే, ఎప్పుడడిగినా ఎస్సైగారు బందోబస్తులో ఉన్నారనే, అసలే షుగర్ మనిషి. వయసు దాటిన సాక్షిని స్టేషన్‌కి రమ్మనకూడదు, ఇంటికెళ్లే అడగాలి. ఆ వయసు పాత చట్టంలో 65, 2024 జులై 1న వచ్చిన కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం (బీఎన్‌ఎస్‌ఎస్) 179వ సెక్షన్లో 60, ఏ లెక్కన చూసినా మా బావగారికి 67! ఆడవాళ్లకైతే ఏ వయసైనా ఇదే రూలు. హాజరు కమ్మని అదే చట్టం 35వ సెక్షన్ కింద నిందితుడికిచ్చే నోటీసే వాట్సాప్‌లో పంపితే చెల్లదని సుప్రీంకోర్టు 2025 జనవరిలో చెప్పింది, ఇక్కడ సాక్షికి ఫోన్లోనే హుకుం. స్టేషన్లలో కెమెరాలు పనిచెయ్యాలని 2020లోనే చెప్పింది కూడా, ఆ బెంచీ పైన కెమెరా ఉందిలెండి, వైరు మాత్రం కిందికి వేలాడుతోందంట.

సరే, కాగితం ఉన్నవాళ్ల సంగతి చూద్దాం. మా పై వాటాలో ఉండే అమ్మాయికి గృహహింస చట్టం కింద కోర్టు ప్రొటెక్షన్ ఆర్డర్ ఇచ్చింది, అంటే మొగుడు ఆమె జోలికి రాకూడదని. లామినేషన్ చేయించుకుని హ్యాండ్‌బ్యాగ్‌లోనే పెట్టుకుంటుంది పాపం. మొన్న రాత్రి మొగుడొచ్చి గేటు తన్నాడు. ఆర్డర్ పట్టుకుని స్టేషన్‌కి వెళ్తే "ఇది సివిల్ మేటరమ్మా, కోర్టులోనే చూసుకో" అన్నారు. ఆర్డర్ మీరితే అది నేరం, ఏడాది దాకా జైలు లేదా 20 వేల దాకా జరిమానా, లేదా రెండూ, పైగా నాన్‌బెయిలబుల్, అంటే బెయిలు హక్కుగా రాదు. ఆ ఆర్డర్ కాపీ కోర్టు నుంచి స్టేషన్‌కీ ఇవ్వాలని చట్టంలోనే ఉంది, మరి వాళ్ల కాపీ ఏ బీరువాలో ఉందో.

ఆ మొగుడికైనా ఎవరన్నా చెప్పారా అంటే అదీ లేదు. ఆర్డర్ నచ్చకపోతే 30 రోజుల్లో సెషన్స్ కోర్టులో అప్పీలు చేసుకోవచ్చు, పరిస్థితి మారితే మార్చమని అదే మేజిస్ట్రేట్‌ని అడగొచ్చు. గేటు తంతే కేసొకటి పెరుగుతుంది గానీ ఆర్డర్ పోదు కదా.

మీ పేపరూ తక్కువేం కాదండి, ముసుగులేసి నిలబెట్టిన కుర్రాళ్ల ఫొటోలు మూడు కాలమ్‌లు వేస్తారు, ఉచిత న్యాయ సహాయం నంబరు 15100 ఒక్క మూలన వేసిన పాపాన పోలేదు. శాలువాల ఫొటో కాస్త చిన్నదిచేస్తే చోటు అదే వస్తుంది.

ఈ ఉత్తరం వేస్తే మా ఊరి పేరు తీసేసి వేయండి, ఆ బెంచీ మీద ఇంకా చోటుందంట.

ఇట్లు,
ఒక రిటైర్డ్ గుమాస్తా