ఇచియో గురించి కూడా రాయించండి

సంపాదకుల వారికి నమస్కారం.

విదేశీ సాహిత్యం మీద మీరు వేసే వ్యాసాలను శ్రద్ధగా చదివే పాఠకురాలిని. జపాన్ రచయిత్రి హిగుచి ఇచియో గురించి కూడా ఒక మంచి వ్యాసం రాయించమని నా మనవి.

1872లో పుట్టిన ఇచియో 24 ఏళ్లకే, 1896లో, క్షయతో కన్నుమూసింది. తండ్రి పోయాక తల్లి, చెల్లెలి భారం ఆమె మీదే పడింది. టోక్యోలో యోషివారా వేశ్యావాటిక పక్కనే చిల్లరకొట్టు పెట్టింది. అది ఏడాదైనా నిలవలేదు గానీ, అక్కడి పిల్లల లోకమే ‘తకెకురాబె’ అనే కథ అయింది. ఎవరు పొడుగో చూసుకోవడం అని ఆ పేరుకు అర్థం.

అందులో ఒక వాన ఘట్టం ఉంది. గుడి పూజారి కొడుకు నొబు చెప్పు పట్టీ మిదొరి అనే అమ్మాయి ఇంటి ముందే తెగుతుంది. ఎవరో తెలియక ఎర్ర గుడ్డపేలిక తెచ్చిన మిదొరి, అతన్ని చూసి నోట మాట రాక, దాన్ని తలుపు సందులోంచి విసిరేస్తుంది. అతను తీసుకోడు. పేలిక వానలో అలాగే పడి ఉంటుంది. అక్కలాగే ఆ అమ్మాయీ వేశ్యావాటికకే వెళ్లాలని మనకు తెలుసు. అందుకే ఆ పేలిక నన్ను ఇప్పటికీ వదల్లేదు.

మరో కథలో పనిపిల్ల మేనమామ అప్పు కోసం రెండు యెన్లు దొంగిలిస్తుంది. ఆ కథ రాసిన మనిషి బొమ్మనే జపాన్ 2004లో 5,000 యెన్ల నోటు మీద వేసింది.

వ్యాసంతో పాటు ఒక్క కథయినా అనువాదం చేయించి వేస్తే మా అమ్మాయి చేత చదివిస్తాను.

– ఒక పాఠకురాలు, విజయవాడ