అరవైకీ డెబ్బైకీ మధ్య మా వైద్యం ఎవరు చూడాలి? ఐఆర్‌డీఏఐ చైర్మన్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన చైర్మన్ గారికి,

నమస్కారం. దేశంలో బీమా సంస్థలను నియంత్రించే మీ కార్యాలయం నానక్‌రామ్‌గూడలో ఉంది. నేను పనిచేసి రిటైరైన మందుల కంపెనీ పటాన్‌చెరులో ఉంది. రెంటికీ మధ్య దూరం పెద్దగా లేదు. అయినా మీరు పెట్టిన నిబంధన ఒకటి ఇన్నేళ్లలో మా కంపెనీ గేటు దాకా రాలేదు. ఈ లేఖ దాని గురించే.

కంపెనీ గ్రూపు ఆరోగ్య బీమాలో ఉన్న ఉద్యోగి ఆ గ్రూపు వదిలేటప్పుడు, అదే బీమా సంస్థలో సొంత పాలసీకి మారే హక్కు ఉంది. గ్రూపులో గడిపిన కాలాన్ని కొత్త పాలసీ వెయిటింగ్ పీరియడ్‌లో, అంటే పాత జబ్బులకు కవరేజీ మొదలయ్యేదాకా ఆగాల్సిన కాలంలో, కలపాలి. దీన్ని మీరు మైగ్రేషన్ అంటారు. కాగితం మీద చాలా మంచి నిబంధన. రిటైరయ్యే రోజు మా హెచ్‌ఆర్ వాళ్లు పీఎఫ్ ఫారాలు ఇచ్చారు, గ్రాట్యుటీ లెక్క ఇచ్చారు, శాలువా కప్పారు. మైగ్రేషన్ మాట మాత్రం ఎవరూ ఎత్తలేదు. బీమా సంస్థ ఒక్క మెసేజ్ కూడా పంపలేదు. ఆ సంగతి నా చెవిన పడేసరికి పాలసీలోంచి నా పేరూ, మా ఆవిడ పేరూ ఎప్పుడో తీసేశారు.

దీంతో జరిగిన నష్టం ఏమిటో చెబుతాను. నాకు షుగర్, ఆవిడకు బీపీ. గ్రూపు పాలసీలో వీటికి మొదటి రోజు నుంచే కవరేజీ ఉండేది. ఇప్పుడు బయట కొత్తగా కొనుక్కుంటే, పాత జబ్బులకు గరిష్ఠంగా 36 నెలలు ఆగాలి. ఇదివరకు ఇది 48 నెలలు ఉండేది, 2024లో మీరు తగ్గించారు, సంతోషం. కానీ అరవై ఏళ్ల షుగర్ పేషెంటుకు వచ్చేవి కిడ్నీ, గుండె, కన్ను, కాలు. వీటిలో దేన్ని చూసినా బీమా సంస్థ షుగర్‌తో ముడిపెట్టే అవకాశం ఉంది. మూడేళ్లు ప్రీమియం కడుతూ దేవుడికి దండం పెట్టుకోవాలన్నమాట.

అదే 2024 ఏప్రిల్ నుంచి, 65 దాటినవాళ్లకు కూడా పాలసీలు అమ్మేలా వయసు అడ్డు తీసేశారు. తలుపు తెరిచారు, నిజమే. లోపలికి పోయాక ఏముందో కూడా చూడాలి కదా.

ఏజెంటు మా ఇంట్లో సోఫాలో కూర్చుని ఫోన్‌లో రెండు పాలసీలు చూపించాడు. ఒకటి 10 లక్షలది, ఏడాదికి 46 వేలు. రెండోది 3 లక్షలది, 27 వేలు. రెండోదానిలో రూమ్ రెంట్ రోజుకు బీమా మొత్తంలో ఒక శాతం దాకానే, అంటే 3 వేలు. పైగా 20 శాతం కో-పే, అంటే క్లెయిమ్‌లో అంత వాటా మేమే పెట్టుకోవాలి. "ఇద్దరే కదా సార్, 3 లక్షలు చాలు" అన్నాడు. నేను కాగితం తీసి లెక్క వేశాను. ఆసుపత్రిలో 6 వేల గదిలో చేరితే మొత్తం బిల్లు 2 లక్షలైందనుకుందాం. మందులు, టెస్టులు, ఇంప్లాంట్ల లాంటివి 80 వేలు, వాటికి కోత లేదు. మిగిలిన 1,20,000లో గది అద్దె నిష్పత్తి ప్రకారం సగమే ఇస్తారు, 60 వేలు. రెండూ కలిపితే 1,40,000. అందులో 20 శాతం మళ్లీ మాదే. చివరికి బీమా సంస్థ ఇచ్చేది 1,12,000. మా జేబులోంచి పోయేది 88 వేలు. పాలసీ 3 లక్షలది, బిల్లు 2 లక్షలు, అయినా 88 వేలు! గది అద్దె దాటితే డాక్టర్ ఫీజు దగ్గర్నుంచి ఆపరేషన్ థియేటర్ దాకా కోత పడుతుందని ఏజెంటుకు తెలియదో, తెలిసీ చెప్పలేదో.

పోతూ పోతూ ఇంకో సలహా ఇచ్చాడు. "షుగర్ సంగతి ఫారంలో రాయకండి సార్, ఐదేళ్లు గడిస్తే ఎవరూ అడగలేరు." మీరు 60 నెలలకు తగ్గించిన మారటోరియం గురించే అతను అంటున్నది, అంటే అన్నాళ్లు పాలసీ నడిచాక ఫారంలో ఏదో చెప్పలేదని క్లెయిమ్ కాదనకూడదన్న నిబంధన. మోసం రుజువైతే ఆ రక్షణ ఉండదన్న ముక్క మాత్రం మింగేశాడు. ఈ మాట నమ్మి సంతకం పెట్టిన పెద్దవాళ్లు మన ఊళ్లలో ఎంతమంది ఉన్నారో తలుచుకుంటే భయమేస్తుంది.

ఇక 46 వేల పాలసీ. పీఎఫ్‌తో పాటు వచ్చే నా ఈపీఎస్ పింఛను నెలకు ఏడు వేల లోపే. ఏడాది పింఛనులో సగానికి పైగా ఆ ప్రీమియానికే పోతుంది. సీనియర్ సిటిజన్లకు ఏడాదికి 10 శాతానికి మించి పెంచాలంటే ముందు మిమ్మల్ని సంప్రదించాలని 2025 జనవరిలో ఆదేశించారు. మంచిదే. కానీ ఆ పది శాతం ఏటా పడితే? పదేళ్లకు 46 వేలు కాస్తా 1,19,000 దాటుతుంది. అప్పటికి నా పింఛను మాత్రం ఇంతే ఉంటుంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి 18 శాతం జీఎస్టీ తీసేశారని అందరం చప్పట్లు కొట్టాం. రెండేళ్లు వరసగా పది శాతం పెంచితే ఆ లాభం మొత్తం కరిగిపోయి, పాత ధరకు ఇంకాస్త పైనే కట్టాల్సి వస్తుంది.

చిన్న పాలసీ తీసుకుని, ఆ మొత్తం దాటిన ఖర్చుకు పైన సూపర్ టాప్‌అప్ అనే ఇంకో పాలసీ వేసుకోమని ఒక మిత్రుడు చెప్పాడు. తెలివైన సలహానే. కానీ దానికీ అదే మెడికల్ టెస్టు, అదే మూడేళ్ల ఆగడం.

ప్రభుత్వ పథకాలు లేవా అంటారేమో. ఉన్నాయి, మేం వాటి మధ్య సందులో పడ్డాం. మాకు తెల్ల కార్డు లేదు కాబట్టి ఆరోగ్యశ్రీ లేదు. ఈఎస్‌ఐలో ఉండి రిటైరైన నా తోటి కార్మికుడు ఏడాదికి 120 రూపాయలు కట్టి, భార్యాభర్తలిద్దరికీ సనత్‌నగర్ ఆసుపత్రిలో చూపించుకుంటున్నాడు. నా జీతం ఈఎస్‌ఐ పరిమితి ఎప్పుడో దాటింది. జీతం పెరగడమే పాపమైపోయింది. 70 నిండితే ఆదాయంతో పని లేకుండా 5 లక్షల ఆయుష్మాన్ కార్డు ఇస్తామని 2024 అక్టోబర్‌లో కేంద్రం మొదలుపెట్టింది. నాకు ఆ కార్డు రావడానికి ఇంకా పదేళ్లుంది. వచ్చినా అది నాకే, నాకన్నా ఐదేళ్లు చిన్నదైన మా ఆవిడకు రాదు.

పథకాలన్నీ మీ చేతిలో లేవని తెలుసు. మీ చేతిలో ఉన్నదే అడుగుతున్నాను.

ఉద్యోగి రిటైరయ్యే ఆరు నెలల ముందే అతని ఫోన్‌కూ, ఇంటి అడ్రసుకూ బీమా సంస్థే మైగ్రేషన్ నోటీసు పంపాలి. యజమానికి పంపి చేతులు దులుపుకుంటే కుదరదు. నోటీసు పంపలేదని తేలితే, రిటైరయ్యాక ఏడాది దాకా ఆ హక్కు బతికే ఉండాలి. వరసగా ఐదేళ్లు గ్రూపులో ఉన్నవాళ్లకు, గ్రూపులో ఉన్న బీమా మొత్తం మేరకైనా, మెడికల్ టెస్టు సాకుతో పాలసీ నిరాకరించకూడదు. లోడింగ్, అంటే జబ్బుల పేరుతో అదనపు ప్రీమియం, వేస్తే ఎంత, ఎందుకు అన్నది రాతపూర్వకంగా చెప్పాలి. మధ్యలో కంపెనీ బీమా సంస్థను మార్చిందన్న కారణంతో మా పాత సంవత్సరాలను కొట్టేయకూడదు. టెండర్ పెట్టి మార్చింది వాళ్లు, మమ్మల్ని అడిగి కాదు.

ఆ నోటీసులోనే 60, 65, 70, 75 ఏళ్లకు నేటి రేటు ప్రకారం ప్రీమియం ఎంతో పట్టికగా ఇవ్వాలి. మొదటి ఏడాది ధర ఒక్కటే చూపించి అమ్మే పాలసీని ఎంచుకోవడం ఎలా? గది అద్దె కోత, కో-పే ఎలా పడతాయో నేను పైన వేసినలాంటి లెక్క ఒకటి ఉదాహరణగా ఉండాలి.

అది తెలుగులో ఉండాలి. పాలసీ వివరాల పత్రం అడిగినవాళ్లకు స్థానిక భాషలో ఇవ్వాలని మీరే 2024 జనవరి నుంచి అమలు చేశారు. నేను అడిగాను. కాల్ సెంటర్ అమ్మాయి "తెలుగు పీడీఎఫ్ పంపించాం సార్" అంది. తెరిచి చూస్తే మొదటి పేజీలో నా పేరు మాత్రం తెలుగులో ఉంది, మిగతాదంతా ఇంగ్లీషే.

వచ్చే మార్చి 31న మా కంపెనీలో మరో బ్యాచ్ రిటైరవుతోంది. మీ సర్క్యులర్ అక్టోబర్‌లోగా వస్తే వాళ్లకైనా అందుతుంది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ క్వాలిటీ కంట్రోల్ ఉద్యోగి,
పటాన్‌చెరు