గొండోలా క్యూ ఆరుబయలు కాదు

సంపాదకులకు,

శీతాకాలంలో మంచు చూడ్డానికి కశ్మీర్‌లోని గుల్‌మర్గ్ వెళ్లే తెలుగువాళ్లు తక్కువేమీ కాదు. కొండ మీదికి తీసుకెళ్లే కేబుల్ కారు గొండోలా దగ్గర, క్యూ కమ్మీల మధ్య ఒకరి వెనక ఒకరు ఇరుక్కుని నిలబడినప్పుడు ఎవరో సిగరెట్ వెలిగిస్తారు. అదేమని అడిగితే ‘పైన ఆకాశమేగా, బయటే తాగుతున్నా’ అన్న జవాబు సిద్ధంగా ఉంటుంది. ఈ జవాబు చట్టం ముందు నిలవదని నా వాదన.

2003 నాటి పొగాకు ఉత్పత్తుల చట్టం నాలుగో సెక్షన్ బహిరంగ ప్రదేశాల్లో పొగతాగడాన్ని నిషేధించింది. ఆరుబయలు స్థలాన్ని మినహాయించిన మాట నిజమే, పేచీ అంతా అక్కడే పుట్టింది. 2008 అక్టోబరు 2 నుంచి అమల్లోకొచ్చిన నిబంధనలు ఆ సందును చాలావరకు మూసేశాయి. జనం వచ్చిపోయే స్టేడియం, రైల్వే స్టేషన్, బస్టాప్ లాంటివి ఆరుబయలు కింద లెక్కకు రావని అందులో ఉంది. బస్టాప్‌కి పనికొచ్చిన నిబంధన కేబుల్ కార్ ప్లాట్‌ఫామ్‌కి ఎందుకు పనికిరాదు? క్యాబిన్ సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆరుగురు కూర్చునే మూసిన పెట్టె అది, ప్రజా రవాణా కాకపోతే మరేమిటి? విశాలమైన స్కీ వాలు మాత్రం వేరు. అక్కడ రిసార్టు తన సొంత నియమం పెట్టుకోవాల్సిందే.

రెండో దశ గొండోలా అఫర్వట్ కొండ మీద దింపేది దాదాపు 3,900 మీటర్ల ఎత్తున. సముద్ర మట్టం దగ్గర ఊపిరికి అందే ఆక్సిజన్‌లో అక్కడ అందేది అరవై శాతం చిల్లర. సిగరెట్ పొగలోని కార్బన్ మోనాక్సైడ్ రక్తంలోని హిమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ కన్నా రెండొందల రెట్లు గట్టిగా పట్టుకుంటుంది. ఎక్కేముందు క్యూలో రెండు పీల్చి, పైకెళ్లాక తల తిరుగుతోందని ఎత్తును తిట్టుకుని లాభం లేదు.

ఇక పీక సంగతి. మంచు మీద పడిన సిగరెట్ పీక పడ్డచోటే ఉండదు. దాని గోధుమ రంగు ఎండ వేడిని పీల్చుకుని కింద మంచును కరిగిస్తుంది. వేలు పట్టేంత గుంట చేసుకుని సాయంత్రానికి అందులోకి దిగిపోతుంది. రాత్రి కురిసిన మంచు పైన కప్పేస్తుంది, పొద్దున వాలు చదును చేసే యంత్రం ఇంకా లోపలికి తొక్కేస్తుంది. అందుకే చలికాలమంతా కొండ తెల్లగా, శుభ్రంగా కనిపిస్తుంది. మంచు కరిగే రోజుల్లో చూడాలి అసలు సంగతి: క్యూ నిలబడ్డ చోట, లిఫ్టు తీగ కింద చారలు చారలుగా పీకలు తేలతాయి. ఆ ఫిల్టరు దూది కాదు, సెల్యులోజ్ అసిటేట్ అనే ప్లాస్టిక్. ఏళ్ల తరబడి మట్టిలో కలవదు, అందులోని నికోటిన్ కరిగే నీళ్లలోకి దిగుతుంది. ఆ నీళ్లు వాగుల వెంట జీలం లోయకే పోతాయి. మన చుట్టకి ఆ ఫిల్టరైనా ఉండదు. అంతమాత్రాన చుట్ట మేలని కాదు లెండి.

నిషేధం బోర్డు ఒక్కటే పెడితే పీకలు తగ్గవు. తాగేవాడికి ఫలానా చోటికి వెళ్లమని చూపించాలి, అందులో తప్పులు ఎక్కువ జరుగుతాయి. కొండ మీద పగటి గాలి లోయలోంచి పైకి వీస్తుంది, పొద్దువాలాక కిందికి తిరుగుతుంది. కాబట్టి తాగేచోటు క్యూకి సరిగ్గా దిగువనో, ఎగువనో పెడితే పొగంతా క్యూ మీదికే. పక్కకి, తలుపులకి పది మీటర్ల ఎడంలో ఉండాలి. నేలమీద ఇసుక కుండీ పెడితే ఇసుక తడిసి రాయిలా గడ్డకడుతుంది, ఒక పెద్ద మంచు పడితే కుండీయే కనపడదు. గుంజకి బిగించిన ఇనప డబ్బా కావాలి. మూత గట్టిగా ఉండి, పక్కన చిన్న కన్నం ఉండాలి, మంచు పెరిగేకొద్దీ పైకి జరిపే వీలుండాలి. ప్లాస్టిక్ చెత్తబుట్ట అసలు వద్దు. అందులో కాగితం కప్పులుంటాయి, నిప్పంటుకోవడానికి ఆరని పీక ఒకటి చాలు. క్యూలో మాత్రం ఏ డబ్బా పెట్టకూడదు. నిషేధమున్న చోట యాష్‌ట్రే ఉండకూడదని నిబంధనే ఉంది.

నిషేధం బోర్డు కొలత కనీసం 60 సెంటీమీటర్లకు 30 సెంటీమీటర్లు ఉండాలి. ఫిర్యాదు ఎవరికి చేయాలో ఆ పేరూ కనపడాలి. ఆరుబయట పెడితే మంచు పేరుకుని అక్షరాలు పోతాయి. చూరు కింద ఒకటి, క్యాబిన్ లోపల ఒకటి పెట్టాలి. జరిమానా 200 రూపాయల దాకా. ఆ డబ్బుకి గుల్‌మర్గ్‌లో ఏమొస్తుందో వెళ్లొచ్చినవాళ్లకి తెలుసు. అసలు పట్టు ఇంకోచోట ఉంది: ఫిర్యాదు అందినా పట్టించుకోకపోతే, ఎందరు తాగితే అందరి జరిమానా నిర్వాహకుడే కట్టాలి.

తిరుమలలో నిషేధం నిలబడిందంటే అలిపిరి దగ్గర తనిఖీ ఉండబట్టే. గొండోలాకీ ఎక్కే గేటు ఉంది. సిగరెట్లు లాక్కోనక్కర్లేదు, తాగేచోటు ఎక్కడుందో గేటు దగ్గర చెబితే చాలు. మన టూర్ ఆపరేటర్లు కొండ కింద టంగ్‌మర్గ్‌లో, మంచులో జారకుండా చక్రాలకి చైన్లు కట్టిన బండి ఎక్కించేటప్పుడే ఆ మాట తెలుగులో చెప్పి, తాగేవాళ్లకి మూత ఉన్న చిన్న రేకు డబ్బా ఒకటి జేబులో పెట్టుకోమనాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు, విశాఖపట్నం