విత్తనానికి మినీకిట్ ఉంది, మెషిన్‌కు ఏదీ?

సంపాదకుడు గారికి,

నమస్కారం. గుంటూరు దగ్గర నాకు చిన్న లేత్ షాపు ఉంది. షాఫ్టులు తిప్పడం, బుష్‌లు వేయడం, విరిగినవాటికి వెల్డింగ్ పెట్టడం పాతికేళ్లుగా నా పని. ఏడాదికి ముగ్గురో నలుగురో కొత్త ఆలోచనతో వస్తుంటారు. ఎరువుల బిల్లు వెనకాల పెన్సిల్‌తో గీసిన బొమ్మ చూపించి, "అన్నా, ఇది చెయ్యగలవా?" అని అడుగుతారు. 2025 ఆగస్టులో మంగళగిరిలో, కొత్త ఆలోచనలకు తోడ్పడే రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్ మొదలైందని చదివినప్పుడు వీళ్లందరి ముఖాలూ గుర్తొచ్చి నిజంగా సంతోషించాను. ఆ హబ్ నడిపేవాళ్లకు, మా జిల్లా అధికారులకు నా షాపులో టార్పాలిన్ కింద ఉన్న ఒక మెషిన్ సంగతి తెలియాలనే ఈ ఉత్తరం.

అది మిర్చికి తొడిమలు తీసే మెషిన్. చేయించిన కుర్రాడు ఐటీఐ చదివాడు. వాళ్లమ్మ కోల్డ్ స్టోరేజీల దగ్గర తొడిమలు తీసే పనికి వెళ్తుంది. కూలి కిలో లెక్కన. రేకుల షెడ్డు కింద, ముక్కుకు కొంగు కట్టుకుని, పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక్కో కాయ పట్టుకుని తొడిమ గిల్లడమే. ఘాటు చేతులకు ఎక్కి రాత్రి నిద్ర పట్టదు. ఆమె కొబ్బరినూనె రాసుకుని, ఆ మంట చల్లారేదాకా అరుగు మీదే కూర్చునేదట. చంటిపిల్లల తల్లులైతే ఆ చేతులతో బిడ్డను ఎత్తుకోవడానికే భయపడతారు. గుంటూరు యార్డు ఆసియాలోనే పెద్దదని మనం గొప్పగా చెప్పుకుంటాం. ఆ గొప్ప వెనక ఈ చేతులున్నాయి.

కుర్రాడి ఆలోచన తేలికగానే ఉంది. రెండు రోలర్లు ఎదురెదురుగా తిరుగుతాయి. తొడిమ సందులో దిగితే లాగేస్తాయి, కాయ పైనే ఉండిపోతుంది. ఆ సందు ఎంత ఉండాలన్న దగ్గరే మాకు నెలలు పట్టింది. తేజ రకం మిర్చికి కుదిరిన సందు బ్యాడగి రకానికి కుదరదు. కోల్డ్ స్టోరేజీలోంచి అప్పుడే తీసిన కాయ మెత్తగా ఉంటుంది, ఎండ తగిలిన కాయ పెళుసుగా ఉంటుంది. పెళుసు కాయ తొడిమతోపాటు పగిలి గింజ రాలిపోయింది. గింజ రాలిన కాయకు ఏ వ్యాపారీ మంచి ధర ఇవ్వడు. నాలుగుసార్లు రోలర్లు మార్చాక తేజకు బాగా కుదిరింది. మొత్తం 40 వేల దాకా అయింది. ఒక ప్రదర్శనలో బహుమతి వచ్చింది. శాలువా కప్పారు, ఫొటో తీశారు, అధికారులు భుజం తట్టారు.

రెండో మెషిన్ మాత్రం ఎవరూ అడగలేదు. ఇది జరిగి మూడేళ్లయింది.

అడగనిది నచ్చక కాదు. డ్వాక్రా సంఘం అక్కలు, "సీజనంతా ఆడుతుందా? రోలర్ అరిగితే ఎవరు మారుస్తారు?" అన్నారు. బ్యాంకులో, "ఇప్పటిదాకా ఎన్ని అమ్మారు?" అన్నారు. ప్రభుత్వ టెండరుకు పోదామంటే టర్నోవర్, పాత అనుభవం చూపించాలి. స్టార్టప్‌గా గుర్తింపు ఉన్న కంపెనీలకు ఆ నిబంధనల్లో సడలింపు ఉంది కానీ, ఒక్క మెషిన్ ఉన్న కుర్రాడికి కంపెనీ ఎక్కడిది? సబ్సిడీ జాబితాలో చేరాలంటే గుర్తింపు ఉన్న కేంద్రంలో పరీక్ష చేయించాలి. అలాంటి కేంద్రం అనంతపురం జిల్లా గార్లదిన్నెలో ఉంది. పరీక్ష ఉండాల్సిందే, అందులో నాకు రెండో మాట లేదు. అసలు వీటిలో ఒక్క ప్రశ్న కూడా అన్యాయమైనది కాదు. పది మెషిన్లు పది చోట్ల ఒక సీజన్ ఆడితే అన్నింటికీ జవాబు దొరుకుతుంది. ఆ పది మెషిన్ల ఖర్చు పెట్టుకునే వాళ్లే లేరు. వాళ్లమ్మ పుస్తెలతాడు తాకట్టు పెడతానంటే నేనే వద్దన్నాను. కుర్రాడు హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరిపోయాడు.

మా పక్కనే లాం ఉంది. మిర్చి రైతులు 334 అని పిలుచుకునే రకం అక్కడి పరిశోధన స్థానంలోదే. అక్కడ కొత్త వంగడం తయారైతే శాస్త్రవేత్తకు దండ వేసి ఊరుకోరు. చిన్న చిన్న సంచుల్లో విత్తనం కట్టి, మినీకిట్ పేరుతో రైతుల పొలాలకు పంపుతారు. నల్లరేగడిలో ఎలా ఉంది, నీళ్లు తక్కువైతే ఏమైంది, ఏ తెగులు వచ్చింది అని రాసుకుంటారు. బాగోలేకపోతే పక్కన పెట్టేస్తారు, అందులో ఎవరికీ నామోషీ లేదు. బాగుంటే విడుదల చేస్తారు, విత్తనం పెంచుతారు. పరిశోధన స్థానం గట్టు దాటి రైతు చేలోకి విత్తనం వచ్చే దారి అది. విత్తనానికి ఇంత చక్కటి పద్ధతి పెట్టుకున్న మనం మెషిన్‌కు ఎందుకు పెట్టుకోలేదో నాకు అంతుపట్టదు.

చింతకింది మల్లేశం గారి పేరు చాలామందికి తెలుసు. ఆలేరు దగ్గర శారాజీపేట చేనేత కుటుంబం. ఒక్క చీరకు ఆసు పోయాలంటే, అంటే నేతకు ముందు దారాన్ని మేకుల చుట్టూ తిప్పి అమర్చాలంటే, తల్లి లక్ష్మి గారి చెయ్యి సుమారు 9 వేల సార్లు అటూ ఇటూ ఆడాలి. ఆ నొప్పి చూడలేక 1992లో యంత్రం మొదలుపెట్టి 1999కి పూర్తి చేశారు. గంటల తరబడి పట్టే పని గంటన్నరకు దిగింది. తర్వాత ఇలాంటి పల్లె ఆవిష్కర్తలకు తోడ్పడే పల్లె సృజన, నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్ సంస్థలు తోడు నిలిచాయి. లక్ష్మీ ఆసు యంత్రం వందల ఇళ్లకు చేరింది, 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆయన కథ చెప్పినప్పుడల్లా పట్టుదల అంటాం. నాకు మాత్రం ఆ ఏడేళ్లు తలుచుకుంటే బాధగా ఉంటుంది. కూలి డబ్బులతో, పని దొరికిన చోటల్లా పనిచేస్తూ, బాలానగర్‌లో ఏదో మెషిన్ కదలిక చూసి తనకు కావలసింది పట్టుకోవలసి వచ్చింది ఆయనకు. అంత కష్టం అందరూ పడలేరు. పడలేనివాళ్ల ఆలోచనలు నాలాంటి వాళ్ల షాపుల్లో తుప్పు పడుతున్నాయి.

ప్రభుత్వం వెనక నిలబడితే ఏమవుతుందో కూడా చూశాం. మా మనవరాలికి విరేచనాలు రాకుండా వేసిన రోటావాక్ చుక్కల మందు హైదరాబాద్‌లో భారత్ బయోటెక్ తయారుచేసింది. దానికి మూలమైన వైరస్ రకాన్ని 1980ల మధ్యలో ఢిల్లీ ఎయిమ్స్‌లో డాక్టర్ మహరాజ్ కిషన్ భాన్, ఆయన తోటివాళ్లు పసిపిల్లల్లో గుర్తించారు. టీకాగా 2015లో బయటికొచ్చింది. మరుసటి ఏడాదే ప్రభుత్వం ఉచిత టీకాల్లో చేర్చింది, మొదటి నాలుగు రాష్ట్రాల్లో మనది ఒకటి. మధ్యలో ముప్పై ఏళ్లపాటు పరీక్షలకు ఎవరో ఒకరు డబ్బు పెడుతూ వచ్చారు, చివర్లో కొనేవాళ్లు సిద్ధంగా ఉన్నారు.

మెషిన్ వస్తే ఆడవాళ్ల కూలి పోదా అని కొందరు అడిగారు. నాకూ ఆ భయం ఉంది. అందుకే మెషిన్ వ్యాపారి చేతికి కాకుండా సంఘం చేతికి వెళ్లాలని కుర్రాడు మొదటినుంచీ పట్టుబట్టాడు. కిలో లెక్కన కూలి తీసుకునేది వాళ్లే, మెషిన్ వాళ్లదే. ఇద్దరు మోసుకెళ్లేంత బరువే పెట్టించింది కూడా అందుకే.

నా విన్నపం ఇది. జిల్లాకు ఏటా రెండో మూడో మెషిన్లు ఎంచుకోండి. ఒక్కోదానికి పది తయారు చేయించడానికి డబ్బివ్వండి. మా మెషిన్ లెక్కలో అది 4 లక్షలు. వాటిని పని జరిగే చోట, పని చేసేవాళ్ల చేతుల్లో ఒక సీజన్ పెట్టండి. ఎక్కడ ఆగింది, ఏది విరిగింది అని రాసుకునే మనిషి ఒకరు, రిపేరుకు దగ్గర్లో ఒక షాపు ఉండాలి. సీజన్ అయ్యాక పనికిరాదని తేలితే ఆ మాట కుర్రాడికి నేరుగా చెప్పండి. పనికొస్తుందని తేలితే ఆ వివరాలు రాసుకున్న పుస్తకమే బ్యాంకుకు, గార్లదిన్నెకు చూపించుకోవచ్చు. లాం శాస్త్రవేత్తలకు ఈ పద్ధతి కొట్టినపిండి. వాళ్లనే అడగండి.

మెషిన్‌కు తుప్పు పట్టకుండా నెలకోసారి గ్రీజు పెడుతున్నాను. సంక్రాంతి తర్వాత యార్డుకు కొత్త కాయ రాక పెరుగుతుంది. ఈలోపు ఏ అధికారైనా వచ్చి చూస్తానంటే ముందు రోజు ఒక ఫోన్ చేస్తే చాలు. సెలవు పెట్టుకుని వస్తానని కుర్రాడు మాటిచ్చాడు. పది కిలోల తేజ నేను తెప్పించి పెడతాను.

ఇట్లు,
ఒక లేత్ షాపు యజమాని,
గుంటూరు జిల్లా