జనవరి లెక్క ఒక్కటే చాలదు

సంపాదకులకు,

బీచ్ టూరిజం చర్చ వచ్చినప్పుడల్లా ఆలివ్ రిడ్లే తాబేళ్ల ప్రస్తావన వస్తుంది. మంచిదే. అదే ఇసుకలో గుడ్లు పెట్టే చిన్న పిట్ట ఊసు మాత్రం ఎవరూ ఎత్తరు. తీతువుకు దగ్గర చుట్టం, పిచ్చుక కన్నా కాస్త పెద్దది, పేరు హనుమాన్ ప్లోవర్.

శ్రీలంకలో, దక్షిణ భారతంలో ఉండే ఈ పిట్టను 1915లోనే వేరుగా గుర్తించారు. తర్వాత తేడాలు మరీ చిన్నవంటూ కెంటిష్ ప్లోవర్ అనే మరో పిట్ట జాతిలో కలిపేశారు. 2023లో జన్యువులు పరిశీలించి మళ్లీ ప్రత్యేక జాతిగా తేల్చారు. రామసేతువుకు అటూ ఇటూ ఉంటుందని హనుమంతుడి పేరు పెట్టారు. బాగానే ఉంది.

రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. గుడ్లు పెట్టే కాలంలో కెంటిష్ మగపిట్టకు నెత్తిన తుప్పు రంగు, ముక్కు నుంచి కంటిదాకా నల్ల గీత కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. హనుమాన్‌కు అవి బాగా తక్కువ. శీతాకాలంలో ఆ కాస్త తేడా కూడా వెలిసిపోతుంది. పైగా ఉత్తరాది నుంచి కెంటిష్‌లు వలస వచ్చి మనవాటిలో కలిసిపోతాయి. నీటిపక్షుల గణన జరిగేది సరిగ్గా అప్పుడే, జనవరిలో! ఇక స్థానికులెవరో, చుట్టపుచూపుగా వచ్చినవెవరో ఎలా తెలుస్తుంది?

ఎండలు ముదిరాక వలస పిట్టలు వెళ్లిపోతాయి, ఇక్కడివి గూడు పెడతాయి. గూడంటే ఏముంది, ఇసుకలో చిన్న గుంట, అందులో రెండు మూడు గుడ్లు. ఇసుక రంగు మీద నల్ల చుక్కలుండటంతో పక్కనే నిలబడినా కనిపించవు. గుడ్లు ఉడికిపోకుండా పెద్ద పిట్టలు పొట్ట ఈకలు తడుపుకొచ్చి వాటి మీద కూర్చుంటాయి. జీపులు, ఏటీవీలు (ఇసుకలో నడిపే లావు టైర్ల చిన్న బళ్లు) తిప్పేదీ అలల గీతకు పైనున్న ఆ పొడి ఇసుకలోనే. సెలవుల రద్దీ కూడా ఆ నెలల్లోనే.

పక్షులు గుడ్లు పెట్టే చోట్లను 2019 తీర నియంత్రణ నోటిఫికేషన్ అత్యంత సున్నిత ప్రాంతాల్లో చేర్చింది. గూళ్లెక్కడున్నాయో రాసిపెట్టకపోతే ఆ రక్షణ కాగితాల్లోనే ఉండిపోతుంది. అటవీ శాఖ ఏప్రిల్, మే నెలల్లో కూడా వలంటీర్లతో తీరమంతా లెక్క తీయించాలి. గూళ్లున్న చోట్లను తీర మ్యాపుల్లో చేర్చి, ఆ రెండు మూడు నెలలు అక్కడ బళ్లు తిరగకుండా ఆపాలి. బీచ్ మొత్తం మూసేయమని ఎవరూ అడగడం లేదు.

– ఒక పాఠకుడు, నెల్లూరు