గిరిజనుల నొప్పిని నమ్మి వైద్యం చేయాలి

సంపాదకుల వారికి,

మెళియాపుట్టి, మందస కొండల నుంచి వచ్చే సవర తెగ గిరిజన రోగులు అరవరు, ఏడవరు కాబట్టి వారికి ఓర్పు ఎక్కువని తేలిగ్గా అనేస్తుంటారు. పొగడ్తలా వినిపించే ఈ మాటకు ఫలితం చాలీచాలని మందు. తనకు నొప్పిగా ఉందని మనిషి చెబితే ఆ మాటను గౌరవించాలని, నోటితో చెప్పలేనంత మాత్రాన నొప్పి లేదనుకోరాదని అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం 2020లో స్పష్టం చేసింది.

ఉదాహరణకు, సికిల్ సెల్ అనే రక్త వ్యాధిలో కొడవలి ఆకారానికి మారిన ఎర్ర రక్తకణాలు సన్నని రక్తనాళాలకు అడ్డుపడినప్పుడు ఎముకల్లో, ఛాతీలో, కడుపులో భరించలేని పోటు వస్తుంది. పైకి గాయమేదీ కనిపించకపోవచ్చు. 2047 నాటికి ఈ వ్యాధిని నిర్మూలిస్తామంటూ 2023 జులైలో మొదలైన జాతీయ మిషన్ రక్తపరీక్షలకు ప్రాధాన్యమిచ్చింది, మంచిదే. అయితే పోటు వచ్చిన రాత్రి దగ్గరి ఆరోగ్య కేంద్రంలో సెలైన్, తగిన మోతాదులో నొప్పి మందు, అవసరమైతే మార్ఫిన్ అనే బలమైన నొప్పి మందు ఉన్న పెద్దాసుపత్రికి బండి దొరకాలి కదా! మార్ఫిన్ నిబంధనలను పార్లమెంటు 2014లోనే సడలించింది.

నొప్పికి పదిలో ఎన్ని మార్కులని తెలుగులో అడిగేకన్నా, సవర భాష తెలిసిన ఆశా కార్యకర్తను పక్కన కూర్చోబెట్టుకొని, నిద్ర పడుతోందా, పోడు పనికి వెళ్లగలుగుతున్నారా అని అడగడం, నాటువైద్యుడిచ్చిన పసరు గురించి కసరకుండా తెలుసుకోవడం మేలు. జిల్లా వైద్యాధికారులు కొండ మండలాల సిబ్బందికి ఈ మేరకు శిక్షణ ఇప్పించాలని కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, పాతపట్నం, శ్రీకాకుళం జిల్లా