ఏనుగు దంతం కాదు నాయనా, గింజ

గ్రుమెల్లో, ఇటలీ

నాయనా,

నేనిక్కడ బాగుండాను. చలి తగ్గింది. అమ్మ మోకాలి నొప్పి ఎట్లుందో ఈసారి నువ్వే చెప్పు. ఆమెను అడిగితే "నాకేం రోగం" అని ఫోను అక్క చేతికిస్తాది.

ఆ అక్కే చెప్పింది, నువ్వు కుట్టే బట్టలకని నేను పంపిన గుండీలను బీరువాలో పెట్టి తాళమేసినావంట. ప్రొద్దుటూరు బంగారు అంగళ్ళ కాడ ఎవరో చూసి, "ఇది ఏనుగు దంతం, పోలీసులకు తెలిస్తే కేసు" అన్నారంట. ఆయన చెప్పిన చట్టం మాత్రం నిజమే. 1972 వన్యప్రాణి చట్టానికి 1986లో ఒకసారి, 1991లో ఒకసారి సవరణలు చేసి మన దేశంలో దంతం వ్యాపారాన్ని ఆపేసినారు. ఆఫ్రికా దంతం దేశాల మధ్య అమ్మకూడదని 1989లో తీర్మానమైంది. అయితే నీ బీరువాలో ఉండేది గింజ. దక్షిణ అమెరికాలో ఈక్వడార్ అనే దేశముంది, అక్కడి అడవుల్లో పెరిగే తాగువా చెట్టుది. తాటికి దాయాది అనుకో.

ఎండాకాలం మైదుకూరు రోడ్డులో ముంజలు కొట్టించుకుంటాం కదా. లేతగా ఉంటే నీళ్ళు, కొంచెం ముదిరితే మెత్తని ముంజ, ఇంకా ముదిరితే పంటికి ఆనదు. తాగువాది కూడా ఇదే వరస. లేతకాయలో నీళ్ళు అక్కడోళ్ళూ తాగుతారు. కాకపోతే మన తాటిటెంక ముదిరితే లోపల బోలు. దీని గింజ కోడిగుడ్డంత ఉంటాది, లోపలంతా తెల్లగా గట్టిపడి నడుమ చిన్న నెర్రె మాత్రం మిగుల్తాది. పోతు చెట్టు, పెంటి చెట్టు వేరువేరుగా ఉండడం కూడా తాటి మాదిరే. మొదటి కాపుకు పదిహేనేళ్ళు దాకా పడతాదంట. కాయలన్నీ ముళ్ళ ముద్దగా ఉండి, ముదిరితే వాటంతట అవే రాలతాయి. ఏరుకోవడమే, చెట్టు మీద గొడ్డలి పడే పని లేదు.

గింజల్ని అక్కడే వారాల తరబడి ఎండబెట్టి, పైపెచ్చు తీసి, పలకలుగా కోసి, గుండ్రని బిళ్ళలు చేసి మూటల్లో పంపిస్తారు. మా పని ఆడినుంచి మొదలు. ఈ లోయంతా గుండీల ఫ్యాక్టరీలే. నా మిషన్ బిళ్ళ అంచు చెక్కి, నడుమ గుంత తీసి, నాలుగు బెజ్జాలు వేస్తాది. నెర్రె ఉండే బిళ్ళను ముందే ఏరి పారేయాల, లేకుంటే బెజ్జం కాడ పుటుక్కున పగులుతాది. తర్వాత పీపాల్లో వేసి గంటల కొద్దీ తిప్పితే నునుపు తేల్తాది. రంగు లోపలికి ఇంకుతాది గానీ అన్ని బిళ్ళలకూ ఒకే తీరుగా ఎక్కదు. అందుకే ఒక కోటు గుండీలన్నీ ఒకే వాయిలోనివి చూసి జతపరుస్తారు. నువ్వైతే చూస్తూనే పట్టేస్తావు.

ఇక్కడి అంగళ్ళలో "ఏనుగును కాపాడే గుండీ" అని అట్టల మీద రాసి అమ్ముతారు. నాకు నవ్వొస్తాది. చొక్కా గుండీ కోసం ఏనుగును చంపేదెవరు? బొమ్మలకు, గాజులకు, పూసలకు దంతం బదులు ఈ గింజ వాడితే ఆ మాట ఒప్పుకుంటా. గుండీ కాడ దీనికి అసలు పోటీ ప్లాస్టిక్. 1920ల్లో అమెరికాలో ఐదు గుండీల్లో ఒకటి ఈ గింజదే అంటారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత చౌకగా ప్లాస్టిక్ దిగి ఈ వ్యాపారాన్ని ముంచేసింది. గింజకు ధర లేకపోతే చెట్టును ఉంచేదెవరు? కొట్టేసి పశువుల మేతకో, వేరే పంటకో నేల చదును చేస్తారు. ఇప్పుడు మళ్ళీ గిరాకీ వచ్చింది కాబట్టి నిలబెట్టుకుంటా ఉండారు. అయినా లాభమంతా ఇక్కడి కోట్ల అంగళ్ళకే, అడవిలో ఏరేవాళ్ళకు మిగిలేది కొంచెమే. మన పత్తి రైతు కథే అది కూడా.

ఇంకా అనుమానముంటే సూదిని ఎర్రగా కాల్చి గుండీ వెనక గుచ్చి చూడు. ప్లాస్టికైతే కరిగి దిగిపోతాది, ఇది దిగదు. దంతమూ కరగదు గానీ దాన్ని అడ్డంగా కోస్తే ఒకదాన్నొకటి దాటుకుంటా పోయే గీతలు కనిపిస్తాయి. నా గుండీల్లో అట్లాంటివి ఉండవు, భూతద్దం పెట్టి చూసుకో.

కాఫీ రంగువి బావ పెండ్లి కోటుకు వెయ్యి. తెల్లవి జేజినాయన జుబ్బాకు వద్దు. అమ్మ రాత్రంతా సబ్బునీళ్ళలో నానబెడతాది, అన్నిసేపులు నీళ్ళలో ఉంటే ఈ గుండీ ఉబ్బి మెరుపు పోతాది. ఇవి కొంచెం మందం, కాజా ఒక నూలు ఎక్కువ కోయమని కాజాల మామకు చెప్పు. గుండీకీ గుడ్డకీ నడుమ దారాన్ని కొంచెం వదులుగా ఉంచి చుట్టండి.

ఇంకేమన్నా సైజులు కావాలంటే పాత గుండీ పక్కన స్కేలు పెట్టి ఫోటో తీసి అక్కతో పంపించు. వచ్చే నెల మా ఫ్యాక్టరీలో మిగిలిన వాయిలు తూకానికి అమ్ముతారు, అప్పుడు తీసి పెడతా.

నీ చిన్నోడు